నడిపోబన్న తర్వాతి పేరు

ఆమె ఏ సంగతీ ఒక్కసారి విని ఒప్పుకునేది కాదు. మనం చెప్పడం అయ్యాక, వేయించిన వేరుశనగ బుడ్డలు నాలుగు అరచేతిలో వేసుకుని నలిపి, పొట్టు ఊదేసి, గింజలు నోట్లో వేసుకుని, "మళ్ళా చెప్పు" అనేది. రెండోసారి చెప్పేటప్పుడు ఎవరైనా ఏదో ఒకటి మారుస్తారు. మొదటిసారి పాలు పొంగినాక బిడ్డ ఏడ్చింది అని ఉంటాం. రెండోసారి, బిడ్డ ఏడిస్తే పోయి చూసేలోపల పాలు పొంగిపోయాయి అంటాం. ఆ మారిన చోట ఆమె చూపు ఆగేది. తప్పు పట్టేది కాదు. "ఊఁ" అనేది, అంతే. ఆ ఊకొట్టడం నాకు నచ్చేది కాదు. కోర్టులో సాక్షి మాట రాసుకునే గుమాస్తా ఊకొట్టినట్టు ఉండేది.

ఊరందరికీ ఆమె టీచరమ్మ. నేనూ అట్లాగే పిలిచాను కాబట్టి ఇక్కడా అదే రాస్తున్నాను. ఆళ్ళగడ్డ బోర్డు స్కూల్లో ఆడపిల్లలకు పాఠాలు చెప్పేది. యాభై దాటిన మనిషి. సన్నని నల్లంచు తెల్లచీర, చేతికి గాజులు లేవు, చెప్పులు మాత్రం ఎప్పుడూ శుభ్రంగా తుడిచి ఉండేవి. ఆదివారం మొదటి బస్సుకు నంద్యాల పోయి, చర్చిలో ప్రార్థన చూసుకుని, సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేది.

1957లో ఆమె మా మిద్దెలో అద్దెకు చేరింది. మా పెరటి గోడకు ఆనుకుని మా మామ నాపరాళ్ళతో కట్టించిన రెండు గదులు అవి. స్కూలుకు దూరం. ఆమె మతం వాళ్ళు ఉండే వీధికి ఇంకా దూరం. స్కూలు ఎదురుగానే ఖాళీ ఇళ్ళు ఉన్నాయి. అవన్నీ వదిలి ఇక్కడికే ఎందుకు వచ్చింది అని నాకు మొదటి వారంలోనే అనిపించింది. వచ్చిన రోజే మా పెరటి గోడ మీద చెయ్యి పెట్టి, "ఇది పాత గోడనా, కొత్తదా?" అని మా అత్తను అడిగింది.

"పాతదే. మా మామగారి నాయన కట్టించింది," అంది అత్త.

"కరువుకు ముందా, ఎనకా?"

"నాకేం తెల్సమ్మా. నేనప్పటికి పుట్టినానా?" అని అత్త నవ్వేసి లోపలికి పోయింది. టీచరమ్మ ఇంకాసేపు ఆ గోడ దగ్గరే నిలబడింది. అద్దెకు వచ్చిన మనిషి నీళ్ళెక్కడ, దొడ్డెక్కడ అని అడుగుతుంది గాని, గోడ వయసు అడగడం నేను చూడలేదు. ఈమె మా ఇంట్లో దేనికోసమో వచ్చింది అనుకున్నాను. ఆ అనుమానం ఆమె ఉన్నన్నాళ్ళూ నన్ను వదల్లేదు.

నా సంగతి రెండు మాటల్లో చెబుతాను. మా ఆయన నంద్యాలలో పత్తి మిల్లు ఆఫీసులో పని చేస్తారు. శనివారం బస్సుకు వచ్చి సోమవారం బస్సుకు పోతారు. నేను అత్తామామలతో ఆళ్ళగడ్డలో. పాపకు అప్పుడు తొమ్మిది నెలలు. దానికి కొంచెం ఒళ్ళు వేడెక్కినా నాకు చేతులు ఆడవు. కర్నూల్లో బి.ఏ. చదివాను. ఆడవాళ్ళు ఇంట్లోనే ఉండి ఇంగ్లీషు ఎం.ఏ. కట్టవచ్చని తెలిసి, పుస్తకాలు తెప్పించుకున్నాను. అందులో ఒక ఐర్లండు పుస్తకం ఉంది. ఎన్నిసార్లు చదివినా కథ ఎక్కడ మొదలైందో, ఎవరి తలలో ఉన్నామో తెలిసేది కాదు. ఒక మనిషి తలుపు తీస్తాడు, ముప్పై ఏళ్ళ కిందటి మాట ఒకటి అనుకుంటాడు, తలుపు వేస్తాడు. అధ్యాయం అయిపోతుంది.

పెరట్లో పాపను కాళ్ళ మీద వేసుకుని ఆ పుస్తకం పట్టుకుని కూర్చుంటే, గోడ అవతలి నుంచి టీచరమ్మ చూసింది.

"అది చదువుతాండావా?" అంది. లోపలికి పోయి, అట్టలు ఊడిన పుస్తకాలు ఏడెనిమిది తెచ్చి గోడ మీద పెట్టింది. అన్నీ ఐర్లండు వాళ్ళవే, అన్నీ ఈ శతాబ్దంలో రాసినవే. ప్రతి దాంట్లో మొదటి పేజీ మీద ఇంకెవరిదో పేరు, దాని మీద నిలువుగా ఒక గీత.

బోర్డు స్కూలు టీచరు దగ్గర ఇవి ఎక్కడివి? అడిగాను. నంద్యాల మిషన్‌లో ఒక ఐర్లండు దొరసాని నర్సుగా ఉండేదని, ఆమెకు తాను తెలుగు నేర్పేదని, ఆమె తనకు ఇంగ్లీషు నేర్పేదని, దేశానికి తిరిగి పోతూ ఇచ్చిపోయిందని చెప్పింది. రెండు నెలలకు ఇంకో మాట మీద, దొరసాని వాటిని పారేయమంటే తాను దాచుకున్నానని చెప్పింది. ఇంకోసారి, దొరసానికి తెలియకుండా పెట్టెలోంచి తీసుకున్నానంది.

"మూడు రకాలుగా చెప్పినారు," అన్నాను.

"లెక్క పెట్టుకున్నావా?" అని నవ్వింది. "ఆమె ఇస్తాననింది. మళ్ళ మనసు మార్సుకోని పారేయమనింది. మళ్ళ రొవంతసేపటికి యాడబెట్టినావని అడిగింది. నేను మాట్లాడల్యా. ఇప్పుడు నువ్వే చెప్పు, ఇచ్చిందా, పారేసిందా, నేను దొంగిలిచ్చినానా?"

నేను లోపల దొంగిలించిందనే అనుకున్నాను.

ఆమె మా ఇంటికి వచ్చేటప్పుడు తన లోటా తానే తెచ్చుకునేది. కాఫీ అందులో పోయించుకుని, అరుగు చివర కూర్చుని తాగి, తానే కడుక్కుని తీసుకుపోయేది. మా అత్తకు ఆ పద్ధతి చాలా నచ్చింది. "మర్యాద తెల్సిన మనిషి" అనేది. ఎందులో పోయాలి, ఆ గ్లాసు ఎక్కడ పెట్టాలి అనే ఇబ్బంది అత్తకు లేకుండా పోయింది. నాకు మాత్రం ఆ లోటా చూస్తే ఒళ్ళు మండేది. మీరు చేయబోయేది నాకు ముందే తెలుసు అని మా ముఖం మీద అన్నట్టు ఉండేది.

ఆ పుస్తకాలు నాకు పాఠం చెప్పే తీరు కూడా అంతే. మొదటి రోజు పుస్తకం మూసి పక్కన పెట్టమంది.

"నువ్వు కర్నూల్లో చదివేటప్పుడు అది రాజధాని గదా. ఆఫీసులకు గుడారాలేసినారంట. యాడేసినారు?"

చెప్పాను. మూడేళ్ళు వాటి ముందు నుంచే కాలేజీకి నడిచి పోయినదాన్ని. బుడ్డలు నలిపింది. "మళ్ళా చెప్పు" అంది. రెండోసారి చెబుతుంటే ఆ గుడారాలు కుడి చేతివైపో ఎడమ చేతివైపో నాకే తెలియకుండా పోయింది. రాజధాని హైదరాబాదుకు పోయి అప్పటికి ఏడాది కూడా సరిగ్గా కాలేదు.

"మూడేండ్లు సూసినదే అట్లయితే, అవ్వ చెప్పింది ఇని రాసినోళ్ళ గతేంది?" అంది. "ఈ కతలు రాసినోళ్ళకు అదే దిగులు. మన దేశానికి ఏం జరిగిందో మనకు నిజంగా గ్యాపకముందా, గ్యాపకముందని అనుకుంటాండామా? అందుకే వాళ్ళు తిన్నగా చెప్పరు. చెబితే అబద్ధమయితాదని బయం."

తర్వాత ఆ దేశం కరువు గురించి చెప్పింది.

"ఆడ పేదోళ్ళకు ఉర్లగడ్డే కూడు. ఒక ఏడు గడ్డంతా భూమిలోనే కుళ్ళిపాయ. మళ్ళేడూ అంతే. దోవల్లో పడి సచ్చినోళ్ళు సచ్చిరి, మిగిలినోళ్ళు ఓడలెక్కి పాయిరి. అప్పుడు కొందరు పాదిరీలు మన గంజి మాదిరి సూపు కాసి పోసిరి. మా గుడికొస్తేనే సూపు అన్యారంట కొన్ని చోట్ల. తాగినోళ్ళు తాగిరి. ఇది జరిగి డెబ్బై ఎనబై ఏండ్లయినాక ఈ కతలొచ్చినాయి. సూడు, కరువు అనే మాట యాడన్నా ఉందేమో."

వెతికాను. "లేదు టీచరమ్మా."

"ల్యా? మరి ఈ కతలో ఆ పిల్ల పెండ్లి మాట ఎందుకు ఆగిపోయ? ఆ ముసిలాయన ఆ ఇంటి ముందర టోపీ ఎందుకు తియ్యడు? ఎవురన్నా చెప్పినారా? చెప్పరు. అది సూపు తాగిన ఇల్లు. అందరికీ తెల్సు కాబట్టి ఎవురూ చెప్పరు. బోజనాల కాడ ఎవురు ఎవురి పక్కన కూకోరో రాస్తారు, అంతే. మీ కాలేజీలో చరిత్రంటే యుద్ధాలు గదా. వీళ్ళకు చరిత్రంటే బోజనాల బల్ల."

ఆ దొరసాని సూపు ముట్టేది కాదట. మిషన్ బంగళాలో అందరూ తాగుతుంటే, ఈమె రొట్టె మాత్రం తిని లేచేదట. ఎందుకని అడిగితే ఒకసారి పడదు అనేది, ఒకసారి రుచించదు అనేది. పోయే ముందు మాత్రం, తన అవ్వ సూపు తాగిన ఇంటిదేనని చెప్పిందట. అయినా ఆ కథల పుస్తకాలు వచ్చినప్పుడల్లా కోపంగానే తెప్పించుకుని కోపంగానే చదివేదట.

ఇంత చెప్పి, పుస్తకం నా చేతికి ఇచ్చి, చాలా మామూలుగా అడిగింది: "మీ ఇంట్లో ధాత కరువు గురించి ఏం చెప్పుకుంటారు?"

ఎనభై ఏళ్ళ కిందటి ధాత కరువు ఈ సీమలో ప్రతి ఇంట్లోనూ చెప్పుకునేదే. కాని, పాఠం పేరుతో నన్ను అంత దూరం నడిపించి చివరికి మా గడప దగ్గర ఆపింది అనిపించింది. నాకు తెలియదన్నాను. ఆమె అత్తనే అడిగింది.

"మనింట్లో ఎవురూ పాదిరీలు పోసే గంజికి పోలేదు," అంది అత్త. "జొన్న పాతర నిండుగా ఉండె. మా మామగారి నాయన ఊరికే పెట్న్యాడంట."

"మళ్ళా చెప్పక్కా."

"ఏముందమ్మా చెప్పేకి. పాతర అడుక్కు పోయినాక చింతగింజలు దంచుకోని తిన్యారు. గంజికి మాత్రం పోలేదు."

"ఊఁ," అంది టీచరమ్మ.

మాఘమాసంలో జొన్న కళ్ళాలు అయినాక మా వంశం చెప్పే ఆయన వచ్చాడు. ఇక్కడి రెడ్ల ఇళ్ళకు ఏడాదికో రెండేళ్ళకో ఇట్లా గోత్రం చెప్పేవాళ్ళు వస్తారు. మా ఇళ్ళు వాళ్ళ తాతల కాలం నుంచి వాళ్ళవే. గుమ్మెట వాయిస్తూ, మొదటి పురుషుడి నుంచి ఇప్పటిదాకా పేర్లన్నీ పాటగా చెబుతారు. కొత్తగా పుట్టిన బిడ్డ పేరు అడిగి చివర చేర్చుకుంటారు. ఆ రోజు మా పాప పేరు చేర్చాలి. అందుకే నేను పాపకు కొత్త గౌను వేసి వసారాలో కూర్చున్నాను. మామ మంచం మీద కూర్చున్నాడు. టీచరమ్మ పెరటి గుమ్మం దగ్గర నిలబడింది. చేతిలో నోటుబుక్కు ఉంది. పిలవకుండానే వచ్చింది.

ఆయన పాట మామ తాతల తరం దాకా వచ్చింది. "పెద్దోబన్న, నడిపోబన్న" అన్నాడు. గుమ్మెట మీద మూడు దెబ్బలు కొట్టాడు. కింది తరానికి దిగాడు.

"ఒక్క నిమిషం అప్పా," అంది టీచరమ్మ. "ఆ తరం మళ్ళా చెప్పు."

ఆయన మామ వైపు చూసి మళ్ళీ చెప్పాడు. పెద్దోబన్న, నడిపోబన్న, మూడు దెబ్బలు.

"ఆ మూడు దెబ్బలేంది?"

"తాళం తల్లీ."

"మిగిలిన తరాల్లో ల్యాని తాళం ఈడెందుకొచ్చె?"

"మా నాయన అట్లే నేర్పిన్యాడు తల్లీ."

"సరే. ఇద్దరే అన్నదమ్ములైతే పెద్దోబన్న, చిన్నోబన్న అనల్ల గదా. నడిపోడంటే మద్దెలోడు. మద్దెలోడుంటే ఎనకొకడు ఉండల్ల."

నేను ఆ ఇంటికి కోడలుగా వచ్చి రెండేళ్ళు. నడిపోబన్న పేరు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మాకు నడిపోబన్న చేను అని ఒకటి ఉంది, నడిపోబన్న బావి అని ఒకటి ఉంది. చిన్నవాడు లేకుండా నడిపివాడు ఎట్లా వచ్చాడని ఏ ఒక్కరోజూ నాకు తట్టలేదు. మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. ఒకవేళ తట్టినా ఎవరూ అనలేదు.

మామ మంచం మీంచి లేచాడు. "గొంతు ఆరిపోయింటాది. మజ్జిగ పొయ్యండి ఆయనకు," అన్నాడు. వంశం చెప్పడం అక్కడితో ఆగింది. మా పాప పేరు ఆ రోజు చేర్చలేదు. నాకు కోపం వచ్చింది. పాప పేరు దగ్గరికి రాకుండా అడ్డం పడింది ఆమే కదా.

మరుసటి రోజు టీచరమ్మ నాతో, "సూసినావా, ఆ కతలు కూడా అట్లే ఉంటాయి. పేరు తీసేసినా తాళం తప్పకూడదు గదా, అందుకని ఆడ గుమ్మెట మోగుతాది. మోగిన చోటు పట్టుకుంటే సాలు," అంది. పరీక్షలో రాయదగ్గ మాట అది. కాని నేను దాన్ని రాసుకోలేదు. మీకు మా ఇంటి పేర్లతో ఏం పని అని అడగాలనుకుని, అడగలేకపోయాను.

ఆ తర్వాత వారం ఆమె తన నోటుబుక్కు నాకు చదువుకోమని ఇచ్చింది. ముందు నుంచి తిప్పితే ఐర్లండు కథల మీద ఆమె రాసుకున్న మాటలు, అందమైన చేతిరాతలో. పాప దాన్ని లాగి తిరగేసింది. వెనక నుంచి వేరే రాత ఉంది. కొమ్మలు కొమ్మలుగా గీసిన పేర్లు. పెద్దోబన్న, నడిపోబన్న, చిన్నోబన్న. పెద్దోబన్న కొమ్మ కింద మామ వాళ్ళ నాయన, తర్వాత మామ, మామ కింద మా ఆయన, ఆయన కింద మా పాప పేరు, పక్కన పాప పుట్టిన తేదీ. చిన్నోబన్న కొమ్మ పక్కన "గంజి, బాప్తిస్మం" అని ఉంది. దాని కింద ఒక క్రైస్తవ పేరు, దాని కింద "నేను".

నా కళ్ళు ఆ "నేను" దగ్గర ఆగలేదు. పాప పేరు దగ్గర ఆగాయి. నా బిడ్డ పుట్టిన తేదీ ఈమె ఎందుకు రాసిపెట్టుకుంది? పాప ఆమె దగ్గర కూర్చున్న సందర్భాలన్నీ, ఆమె ఏం తినిపించిందో, తల మీద చెయ్యి ఎందుకు పెట్టిందో, అన్నీ ఒక్కసారి గుర్తుకు వచ్చాయి. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది కాని, పాప తలలో వెంట్రుకలు ఎక్కడైనా కత్తిరించినట్టు ఉన్నాయేమో అని వెతికాను కూడా.

శనివారం ఆయన రాగానే చూపించాను. ఆయన మొదట నవ్వారు. తర్వాత ముందు పేజీ, వెనక పేజీ తిప్పి చూసి నవ్వడం ఆపారు.

"ఇది వంశవృక్షం కాదు. భాగాల పట్టీ," అన్నారు.

ఆ రోజుల్లో ఎక్కడ చూసినా కొత్త చట్టం మాటే. ఆడపిల్లలకూ ఆస్తి వస్తుందట, ఎప్పుడో పోయినవాళ్ళ పిల్లలు కూడా అడగొచ్చట అని బస్టాండులో కూడా చెప్పుకునేవాళ్ళు. మతం మారినాక పుట్టినవాళ్ళకు ఆ చట్టం పనికిరాదని మాకు చాలా తర్వాత ఒక వకీలు చెప్పాడు. అప్పుడు మాకు తెలిసింది ఒక్కటే: ఒక మనిషి మా మిద్దెలో చేరి, మా గోడల వయసు అడిగి, మా తరాలు లెక్కపెట్టి, తన పేరు ఒక కొమ్మకు కట్టుకుంది. పొలం ఉన్న ఇంట్లో కొమ్మలు గీసిన కాగితం కనబడితే ఎవరికైనా పంపకాలే గుర్తుకు వస్తాయి.

ఆయన నోటుబుక్కు మామకు ఇచ్చారు. మామ దాన్ని ఎక్కువసేపు చదవలేదు. ఒక చోట వేలు పెట్టి, తీసి, మూసి, చంకలో పెట్టుకుని లేచాడు. పొద్దున నీళ్ళు కాచే పొయ్యిలో దాని అట్ట సగం కనిపించింది. ఐర్లండు కథల మీద ఆమె రాసుకున్నవీ దాంతోనే పోయాయి.

"మిద్దెకు సున్నం ఏపిచ్చల్ల. ఈ నెలాకరుకు కాళీ చెయ్యమను," అన్నాడు మామ అత్తతో.

ఆ మాట చెప్పే పని నాకే పడింది. టీచరమ్మ పిల్లల పలకలు తుడుస్తోంది. సున్నం సంగతి చెప్పాను. "ఏపిచ్చండి," అంది. "నా నోటుబుక్కు?" అంది.

"పాప చించేసింది టీచరమ్మా. చూసుకోలేదు. నేను వంటింట్లో ఉన్నాను."

ఆమె చేతిలో బుడ్డలు లేవు. తడిగుడ్డ పక్కన పెట్టి నా ముఖం చూసింది. "మళ్ళా చెప్పు," అంది.

"పాప... నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. ఇంతలో..." అన్నాను. వంటిల్లు కాస్తా పెరడయిందని నోట్లోంచి మాట వచ్చాక తెలిసింది.

ఆమె ఆ రోజు ఊకొట్టలేదు. అదొక్కటే తేడా. నెలాఖరు దాకా ఆగకుండా నాలుగో రోజే రెండు పెట్టెలు ఎద్దులబండిలో వేసుకుని, సెలవు పెట్టి నంద్యాల పోయింది. తర్వాత అక్కడికే బదిలీ చేయించుకుందని విన్నాను. సున్నం వేయించనే లేదు.

పోయినేడు పాపకు దగ్గు తగ్గకపోతే నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయాను. ఆయన మందుల కోసం బజారుకు పోయారు. వరండాలో ఆమె కనబడింది. చిక్కిపోయింది. మోకాళ్ళ నొప్పికి మందు కోసం వచ్చానంది. పాప గొంతు చూసి, "కోరింత దగ్గు కాదులే, బయపడాకు," అంది. డాక్టరు చెప్పిన దానికన్నా ఆ మాటే నాకు ఎక్కువ ధైర్యం ఇచ్చింది. అందుకేనేమో, అన్నాళ్ళూ అడగలేనిది అడిగేశాను.

"ఏం కావాలని మా మిద్దెలో చేరినారు టీచరమ్మా?"

"బూమి అనుకున్యారు గదా మీరు."

నేను పాపను ఒళ్ళోకి లాక్కున్నాను.

"మా నాయన సచ్చిపోయేముందు చెప్పినాడు, మాది ఆళ్ళగడ్డలో ఫలానా ఇల్లు, మా నాయన పేరు చిన్నోబన్న, గంజి తాగినాడని ఇంట్లోకి రానీలేదని. నేను నమ్మల్యా. మిషన్‌లో ఎవుర్ని కదిలిచ్చినా మేము పెద్దింటోళ్ళమే అంటారు. మా నాయన కూడా గొప్పకు చెప్పుకున్యాడు అనుకున్యా. సచ్చేటోని ముందర ఊఁ అన్యా గాని, నమ్మల్యా. అది నన్ను తింటాండె. నిజమో అబద్దమో ఒక్కసారి తెల్సుకుందామని వచ్చినా."

"తెలిసిందా?"

"గుమ్మెట ఇన్నాక సగం నమ్మినా."

"మిగతా సగం?"

"అది మీ మామ చెప్పల్ల. గుమ్మెటోడు చెబితే సరిపోతాదా? నేనే అంతా కట్టుకున్యానేమో. ముగ్గురు అన్నదమ్ముల్లో మూడోవాడు చిన్నప్పుడే సచ్చిపోయింటాడేమో, అందుకే పేరు ల్యాదేమో." పాప చొక్కా గుండీ సరిచేసింది. "ఒకసారి అడుగుతావా?"

"పాప పుట్టిన తేదీ ఎందుకు రాసుకున్నారు?"

"కొమ్మకు చివర అదే గదా."

అడుగుతానన్నాను. ఇంటికి వచ్చాక అడగలేదు. ఎందుకు అడగలేదంటే, ఆమె చెప్పింది నేనూ సగమే నమ్మాను. ఇంత తెలివైన మనిషి, ఇన్ని రకాలుగా చెప్పగల మనిషి, ఇంత మెత్తగా నా చేత మామను అడిగించడం కూడా ఒక ఎత్తేమో అనిపించింది. మామ అవునని ఒక్క మాట అంటే, రేపు అది కోర్టులో సాక్ష్యం కాదా? ఏడాది అట్లా గడిచిపోయింది.

మొన్న మధ్యాహ్నం నంద్యాల చర్చిలో పని చేసే ఒకాయన ఏదో పని మీద ఆళ్ళగడ్డ వచ్చి మా వీధిలో పోతూ ఆగాడు. మామ అరుగు మీద ఉన్నాడు. నేను గుమ్మంలో పాపకు అన్నం తినిపిస్తున్నాను.

"మీ మిద్దెలో ఉన్న్యాది గదా టీచరమ్మ, నిన్న పాయ రెడ్డీ. మూడు దినాలు జరమొచ్చింది, అంతే," అన్నాడు.

మామ తలూపాడు. ఆయన పోయాడు. మామ తలపాగా తీసి అరుగు మీద పెట్టి, నా పక్క నుంచే పెరట్లోకి పోయాడు. పొద్దున స్నానం చేసిన మనిషి. బావిలో చేద వేసి, కట్టుబట్టల మీదనే నెత్తిన కుమ్మరించుకున్నాడు. ఒకటి, రెండు, మూడు చేదలు. దాయాది పోయిన కబురు వింటే మా ఇళ్ళల్లో మగవాళ్ళు చేసే పని అది. ఇంకెవరు పోయినా చేయరు.

అత్త వంటింటి గుమ్మంలోంచి చూసింది. ఏమిటి, ఎవరు అని అడగలేదు. మర్నాడు పాపకు పుట్టువెంట్రుకలు తీయించడానికి అహోబిలం పోవాలని సర్దిన సంచి విప్పి, పసుపుగుడ్డ తీసి పెట్టెలో పెట్టేసింది.

"నిలబడ్న్యావేందీ?" అంది నాతో. "నువ్వు నీళ్ళు పోసుకో. పాపకూ పొయ్యి."

మామ తడిబట్టలతోనే వచ్చి గుమ్మం దగ్గర ఆగాడు. నా వైపు చూడకుండా, గోడ వైపు చూస్తూ అడిగాడు.

"ఆమెకు పెండ్లి గాలేదు గదమ్మా?"

పెళ్ళయిన ఆడపిల్ల అత్తింటి గోత్రానికి పోతుంది. ఆమె మైల మనకు రాదు. అందుకు అడుగుతున్నాడని నాకు ఒక క్షణం తర్వాత అర్థమయింది.

"కాలేదు మామా," అన్నాను.

"అయితే మనకే," అన్నాడు. దండెం మీది పంచె తీసుకుని లోపలికి పోయాడు.